అసెంబుల్ చేసిన తొలి కంప్యూటర్: స్క్రూలు బిగించాక ఏవి ఎంచుకోవాలి, ఏవి వాయిదా వేయాలి

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అందరూ సీటీసీ అని పిలుచుకునే ఆ భవనంలో, నాలుగైదు దుకాణాలు తిరిగి కొటేషన్లు రాయించుకొని, విడిభాగాలు కొని తెచ్చి, ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద సొంతంగా సిస్టమ్ బిగించుకున్న పిల్లలు నాకు తెలిసిన ఇళ్లలోనే కొందరు ఉన్నారు. ప్రాసెసర్ ఎంపికకు నెల రోజులు వీడియోలు చూసినవారే, బిగింపు పూర్తయ్యాక మిగిలిన ఎంపికలన్నింటినీ కనిపించిన ప్రతి తెర మీద ‘నెక్స్ట్’ నొక్కుతూ ఒక్క సాయంత్రంలో ముగించేస్తారు. వాటిలో కొన్నింటిని ఎప్పుడైనా మార్చుకోవచ్చు. మరికొన్నింటిని మార్చాలంటే మొత్తం ఫార్మాట్ కొట్టవలసి వస్తుంది, లేదా మళ్లీ డబ్బు పెట్టవలసి వస్తుంది. అందువల్ల ఏ రెండు మార్గాలను పోల్చినా, ఆరు నెలల తరువాత మనసు మారితే ఎంత నష్టం అన్న ప్రశ్ననే నేను మొదట వేసుకుంటాను. నష్టం ఎక్కువగా ఉండేవాటి గురించి ఇక్కడ వివరంగా, మిగిలినవాటి గురించి క్లుప్తంగా చెబుతాను.

తొలి డిస్‌ప్లే వచ్చేదాకా

మా మేనల్లుడు మల్కాజిగిరిలోని వాళ్ల ఇంట్లో రైజెన్ 7000 శ్రేణి ప్రాసెసర్, రెండు డీడీఆర్5 ర్యామ్ స్టిక్‌లతో సిస్టమ్ బిగించుకొని రాత్రి పదకొండు గంటలకు ఫోన్ చేశాడు. “మామయ్యా, ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ డిస్‌ప్లే రావట్లేదు. మూడుసార్లు స్విచ్ ఆపి వేశాను” అన్నాడు. మదర్‌బోర్డు అంచున ఏ లైటు వెలుగుతోందని అడిగితే, డీర్యామ్ అని రాసి ఉన్నచోట పసుపు లైటు వెలుగుతోందన్నాడు. ఆ శ్రేణి ప్రాసెసర్ల బోర్డులు మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ను రకరకాలుగా పరీక్షించి తమకు తగ్గట్టు సర్దుకుంటాయి. మెమరీ ట్రైనింగ్ అనే ఈ పనికి కొన్ని నిమిషాలు పడుతుంది, అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది, మధ్యలో స్విచ్ ఆపితే పని మళ్లీ మొదటికి వస్తుంది. ఈసారి దేన్నీ ముట్టుకోకుండా గడియారం చూస్తూ కూర్చోమన్నాను. ఏడో నిమిషంలో తెర వెలిగింది.

పావుగంట దాటినా డిస్‌ప్లే రాకపోతే, భాగాలు పాడయ్యాయని అనుకునే ముందు రెండు విషయాలు చూడండి. గ్రాఫిక్స్ కార్డు ఉన్న సిస్టమ్‌లో మానిటర్ కేబుల్‌ను బోర్డు పోర్టుకు కాకుండా కార్డు పోర్టుకే పెట్టాలి. పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్న ప్రాసెసర్లకు సొంత గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి బోర్డు పోర్టు నుంచి ఏమీ రాదు. నాలుగు స్లాట్ల బోర్డులో ర్యామ్ స్టిక్‌లు రెండే ఉంటే, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్‌లోనూ నాలుగో స్లాట్‌లోనూ పెట్టడం దాదాపు అన్ని బోర్డుల్లోనూ సరైన పద్ధతి.

యూపీఎస్, ఇన్వర్టర్, స్పైక్ గార్డ్

ఓఎస్ (విండోస్, లినక్స్ వంటి ఆపరేటింగ్ సిస్టమ్) కన్నా ముందు కరెంటు గురించి మాట్లాడటానికి కారణం ఉంది. తరువాతి మెట్టు బయోస్ అప్‌డేట్, అంటే స్విచ్ వేయగానే బోర్డును మేల్కొలిపే చిన్న ప్రోగ్రామ్‌ను కొత్తది చేయడం. అది జరుగుతుండగా కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోయే ప్రమాదం ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఈదురుగాలి లేచిందంటే మన నగరంలో కరెంటు ఎప్పుడు రెప్ప వేస్తుందో చెప్పలేము.

స్పైక్ గార్డ్ హెచ్చు వోల్టేజీ దెబ్బను కొంతమేరకు కాచుకుంటుందే గాని, కరెంటు పోయినప్పుడు సిస్టమ్‌ను నిలపదు. ఇంట్లో ఇప్పటికే ఇన్వర్టర్ ఉన్నవారు విడిగా యూపీఎస్ ఎందుకని అడుగుతారు. ఆ ప్రశ్న సమంజసమైనదే, అయితే జవాబు మార్పిడి సమయంలో ఉంది. కరెంటు పోయిన క్షణం నుంచి బ్యాటరీ అందుకునే దాకా సిస్టమ్‌ను నడిపేది దాని పవర్ సప్లై అయిన ఎస్ఎంపీఎస్‌లోని కెపాసిటర్లలో నిలవ ఉన్న శక్తి మాత్రమే, అది పూర్తి లోడ్ మీద సాధారణంగా 16 మిల్లీసెకన్ల చుట్టుపక్కల వరకే సరిపోతుంది. లైన్ ఇంటరాక్టివ్ యూపీఎస్ 10 మిల్లీసెకన్ల లోపే అందుకుంటుంది. ఇంటి ఇన్వర్టర్ సాధారణ మోడ్‌లో సుమారు 40 మిల్లీసెకన్ల దాకా తీసుకోవచ్చు, ఈలోగా సిస్టమ్ రీస్టార్ట్ అయిపోతుంది. చాలా ఇన్వర్టర్ల వెనుక యూపీఎస్ మోడ్ అనే చిన్న స్విచ్ ఉంటుంది, దాన్ని మారిస్తే ఈ వ్యవధి బాగా తగ్గుతుంది. మీది ప్యూర్ సైన్‌వేవ్ (మెయిన్ కరెంటు లాగే నునుపైన తరంగం ఇచ్చే) ఇన్వర్టర్ అయి, ఆ స్విచ్ ఉండి, కంప్యూటర్ సాకెట్ వరకు ఇన్వర్టర్ లైను వచ్చి ఉంటే, దానితోనే సరిపెట్టుకోవచ్చు. మన ఫ్లాట్లలో చాలావాటిలో ఇన్వర్టర్ లైను లైట్లకూ ఫ్యాన్లకూ మాత్రమే లాగి ఉంటుంది కాబట్టి, ఈ మూడో షరతు దగ్గరే కథ ఆగిపోతుంది.

యూపీఎస్ కొనేటప్పుడు పెట్టె మీది వీఏ అంకెను నమ్ముకోకుండా వాట్ల అంకెను చదవండి. 600 వీఏ అని రాసి ఉన్న చిన్న యూపీఎస్‌లు ఇవ్వగలిగేది చాలావరకు 360 వాట్లే. మధ్యశ్రేణి గ్రాఫిక్స్ కార్డుతో ఆట నడుస్తున్నప్పుడు సిస్టమ్, మానిటర్ కలిపి 350 నుంచి 400 వాట్లు లాగడం మామూలే. అప్పుడు కరెంటు పోతే, యూపీఎస్ ఓవర్‌లోడ్ అని అరిచి తనే ఆగిపోతుంది. గ్రాఫిక్స్ కార్డు లేనివారికి 600 వీఏ చాలు, కార్డు ఉన్నవారు 600 వాట్లు ఇవ్వగల, 1000 లేదా 1100 వీఏ శ్రేణికి వెళ్లడం మంచిది. బ్యాకప్ పది నిమిషాలు వచ్చినా సరిపోతుంది, పని సేవ్ చేసుకొని షట్‌డౌన్ చేయడానికి అంతకన్నా ఎక్కువ అక్కరలేదు.

ఎర్తింగ్ మాటకు ఎంపికేమీ లేదు, అది ఉండి తీరాలి. క్యాబినెట్ లోహపు అంచును చేతి వెనుక భాగంతో తాకినప్పుడు జివ్వుమంటే, సాకెట్‌లో ఎర్త్ తీగ లేదనో తెగిపోయిందనో అర్థం. ఎలక్ట్రీషియన్‌తో మల్టీమీటర్ పెట్టించి చూడండి. ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య ఎంత వోల్టేజీ వస్తుందో, ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య కూడా దాదాపు అంతే రావాలి.

బయోస్ అప్‌డేట్ ఇప్పుడా, తరువాతా

సజావుగా నడుస్తున్న సిస్టమ్‌లో బయోస్‌ను కదిలించవద్దన్నది పాతకాలపు సలహా, దానిలో తప్పేమీ లేదు. కొత్తగా బిగించిన సిస్టమ్‌కు మాత్రం ఓఎస్ వేయకముందే అప్‌డేట్ చేయడం నాకు సబబుగా తోస్తుంది. అప్పటికి పోగొట్టుకునే డేటా ఏదీ ఉండదన్నది ఒక కారణం. విండోస్ డిస్కును గుప్తీకరించిన (ఎన్‌క్రిప్ట్ చేసిన) తరువాత బయోస్ మారితే రికవరీ కీ అడిగే అవకాశం ఉండటం ఇంకో కారణం, దాని గురించి కింద మళ్లీ చెబుతాను. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు తీసుకున్నవారికి ఇది ఎంపిక కూడా కాదు. వాటిలో అవసరానికి మించిన వోల్టేజీ వల్ల ప్రాసెసర్ క్రమంగా దెబ్బతిని సిస్టమ్ కూలిపోయే సమస్య బయటపడటంతో, ఇంటెల్ 2024 ఆగస్టు నుంచి సవరించిన మైక్రోకోడ్‌ను (ప్రాసెసర్‌ను లోపలి నుంచి నడిపే ఆదేశాలను) బయోస్ అప్‌డేట్ల ద్వారా ఇస్తూ వచ్చింది. ఆ అప్‌డేట్ జరగబోయే నష్టాన్ని ఆపుతుంది, జరిగిపోయినదాన్ని బాగుచేయదు. కాబట్టి మొదటి రోజే వేసుకోవాలి.

అదే బయోస్ తెరలో మరో మూడు నిర్ణయాలు ఉన్నాయి. 6000 వేగం అని రాసి ఉన్న డీడీఆర్5 ర్యామ్ కూడా, మీరు ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో అనే వేగపు ప్రొఫైల్‌ను ఆన్ చేసేదాకా 4800 దగ్గరే నడిచే అవకాశం ఎక్కువ. డబ్బు పెట్టి కొన్న వేగాన్ని వాడుకోవలసిందే, అయితే ఆన్ చేసిన రాత్రి మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్ష ప్రోగ్రామ్ పెట్టి వదిలేయండి. ఉదయానికి ఒక్క లోపం కనిపించినా వేగాన్ని ఒక మెట్టు తగ్గించండి. తప్పులు చేసే వేగవంతమైన ర్యామ్ కన్నా 5600 దగ్గర స్థిరంగా నడిచే ర్యామ్ ఎంతో నయం. రెండోది సెక్యూర్ బూట్ (నమ్మదగిన ఓఎస్‌నే మొదలుకానిచ్చే ఏర్పాటు), టీపీఎం (రహస్య కీలు దాచే భద్రతా భాగం). విండోస్ 11కు టీపీఎం 2.0 కావాలి. వాలరెంట్ వంటి ఆటలైతే విండోస్ 11లో ఈ రెండూ ఆన్‌లో లేకపోతే మొదలే కావు. సీఎస్ఎం అనే పాత బూట్ పద్ధతిని ఆపి, ఓఎస్‌ను యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతిలోనే వేస్తే డిస్కు జీపీటీ అనే కొత్త విభజన రూపంలో సిద్ధమవుతుంది, తరువాత మార్చుకునే తిప్పలు ఉండవు. మూడోది వర్చువలైజేషన్, అంటే ఒక ఓఎస్ లోపల మరో ఓఎస్‌ను నడిపే వీలు. ఏఎండీ బోర్డుల్లో ఎస్‌వీఎం అనే పేరుతో ఉండే దీన్ని ఇంజినీరింగ్ విద్యార్థులు ఇప్పుడే ఆన్ చేసుకోవడం మేలు.

విండోస్, లినక్స్, లేక రెండూ

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి, అలవాటు పోలేక కొత్త సిస్టమ్‌లో దాన్నే వేసుకోవడం నేను సిఫారసు చేయలేను. అసలు పోటీ విండోస్ 11కూ లినక్స్‌కూ మధ్యనే.

ఇంట్లో ఆ సిస్టమ్‌ను ఎవరు దేనికి వాడతారన్నది ఇక్కడ తేల్చుకోవాలి. డీటీపీ పని చేసేవారు, అంటే అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో పెళ్లిపత్రికలూ పుస్తకాలూ తయారుచేసేవారు, విండోస్ వదిలి వెళ్లలేరు. టాలీలో లెక్కలు రాసేవారి సంగతీ అంతే. ఆటల కోసం కొన్నవారు, తాము ఆడే ఆటల్లో యాంటీ చీట్ (మోసాన్ని అడ్డుకునే సాఫ్ట్‌వేర్) ఉన్నవి లినక్స్‌లో నడుస్తాయో లేదో ముందే చూసుకోవాలి, వాలరెంట్ నడవదు. బ్రౌజరు, సినిమాలు, లిబ్రేఆఫీస్, ప్రోగ్రామింగ్ వరకు పరిమితమైనవారికి లినక్స్ హాయిగా సరిపోతుంది, పైసా ఖర్చు ఉండదు. వారిలో కొత్తవారికి ఉబుంటు కన్నా లినక్స్ మింట్‌ను నేను ముందు చూపిస్తాను. స్టార్ట్ మెనూ, టాస్క్‌బార్ విండోస్‌కు అలవాటుపడిన కంటికి పరాయిగా అనిపించవు, ఎన్‌విడియా డ్రైవర్ వేయడానికి డ్రైవర్ మేనేజర్ అనే చిన్న పరికరం అందులోనే ఉంటుంది. ఉబుంటు ఎంచుకున్నవారు సరి సంవత్సరాల ఏప్రిల్‌లో వచ్చే, దీర్ఘకాల మద్దతు ఉండే ఎల్‌టీఎస్ విడుదలనే తీసుకోవాలి. ఉదాహరణకు 24.04కు సాధారణ మద్దతు అయిదేళ్లు, 2029 వరకు ఉంటుంది.

రెండూ కావాలనే విద్యార్థులకు రెండు దారులున్నాయి. విండోస్‌లోనే డబ్ల్యూఎస్ఎల్ అనే సదుపాయం ద్వారా లినక్స్‌ను నడుపుకోవడం ఒకటి, డ్యూయల్ బూట్, అంటే రెండింటినీ విడివిడిగా వేసి ఆన్ చేసేటప్పుడు ఒకదాన్ని ఎంచుకోవడం, రెండోది. కాలేజీ ల్యాబ్ పనులకు డబ్ల్యూఎస్ఎల్ చాలునన్నది నా అభిప్రాయం. నచ్చకపోతే అయిదు నిమిషాల్లో తీసేయవచ్చు, డిస్కు విభజనల జోలికి వెళ్లనక్కరలేదు. డ్యూయల్ బూటే కావాలనుకుంటే రెండింటినీ రెండు వేర్వేరు ఎస్ఎస్‌డీల్లో వేయండి. అలా వేసిన మర్నాడు విండోస్ గడియారం సరిగ్గా అయిదున్నర గంటలు తేడాగా కనిపిస్తే కంగారు పడవద్దు. బోర్డు గడియారంలో ఉన్నది మన సమయమని విండోస్ అనుకుంటుంది, లినక్స్ మాత్రం అందులో గ్రీనిచ్ సమయాన్ని ఉంచుతుంది. స్థానిక సమయాన్నే వాడమని లినక్స్‌కు ఒక్క ఆదేశం ఇస్తే తగువు తీరుతుంది.

లైసెన్స్ విషయంలో తొందర వద్దు

విండోస్ లైసెన్స్ కీ లేకుండానే ఇన్‌స్టాల్ అవుతుంది. యాక్టివేట్ చేసుకోమని తెర మూల ఒక రాత ఉంటుంది, వాల్‌పేపర్ వంటివి సెట్టింగ్స్‌లో మార్చుకోనివ్వదు. సిస్టమ్ స్థిరంగా ఉందని తేలేదాకా ఆ రాతను భరించి, ఆ తరువాతే కీ కొనమని నేను అందరికీ చెబుతాను. కొత్త సిస్టమ్‌ల కోసం తక్కువ ధరకు అమ్మే ఓఈఎం కీ మొదట యాక్టివేట్ చేసిన మదర్‌బోర్డుకే కట్టుబడి ఉంటుంది. మొదటి వారంలో బోర్డులో లోపం బయటపడి వేరే బోర్డు తెచ్చుకుంటే, ఆ కీ చిక్కులో పడుతుంది. రిటైల్ కీ ఖరీదు ఎక్కువైనా పాత సిస్టమ్ నుంచి తీసి కొత్తదానికి మార్చుకోవచ్చు. రెండు మూడేళ్లకు ఒకసారి బోర్డు, ప్రాసెసర్ మార్చే ఉద్దేశం ఉన్నవారికి రిటైల్ లాభం, అయిదారేళ్లు అదే పెట్టె వాడేవారికి ఓఈఎం చాలు. హోమ్, ప్రో ఎడిషన్లలో ఏదన్న ప్రశ్నకు, వేరే చోటి నుంచి మీ సిస్టమ్‌లోకి రిమోట్ డెస్క్‌టాప్‌తో రావలసిన అవసరం లేకపోతే హోమ్ అన్నదే జవాబు. హోమ్ నుంచి ప్రోకు తరువాత ఫార్మాట్ లేకుండానే వెళ్లవచ్చు.

రెండు మూడు వందలకు ఇంటర్నెట్‌లో దొరికే కీలు చాలావరకు సంస్థల పేరిట ఇచ్చినవి పక్కదారిలో అమ్మేవి, ఎప్పుడు ఆగిపోతాయో చెప్పలేము. క్రాక్ చేసిన విండోస్ ఇంకా అన్యాయం. నా మొదటి సిస్టమ్‌ను ఒక దుకాణంలో అసెంబుల్ చేయించినప్పుడు, అడగకుండానే అలాంటిది వేసి ఇచ్చారు. అప్‌డేట్లు ఆపేసి ఉన్నాయని నాకు తెలియదు. ఎవరిదో పెన్‌డ్రైవ్ పెట్టిన రోజున ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయాయి, అక్కయ్య పెళ్లి ఫోటోల్లో సగం మళ్లీ కనిపించలేదు.

ఖాతా పేరు, గుప్తీకరణ, డిస్కు విభజన

ఎవరూ పట్టించుకోనిదీ, తరువాత మార్చడానికి అన్నింటికన్నా కష్టమైనదీ యూజర్ ఫోల్డర్ పేరు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెడితే విండోస్ మీ ఈమెయిల్‌లోని మొదటి అయిదు అక్షరాలతో ఆ పేరు పెట్టేస్తుంది. లోకల్ ఖాతాతో మొదలుపెట్టగలిగితే మీకు నచ్చిన పేరు పెట్టుకోవచ్చు గాని, అభిమానం కొద్దీ తెలుగు లిపిలో పెట్టవద్దు. పాత సాఫ్ట్‌వేర్లు, కొన్ని ప్రోగ్రామింగ్ పరికరాలు ఇంగ్లీషు అక్షరాలు కాని దారిని చదవలేక మొరాయిస్తాయి. తెర మీద కనిపించే పేరును తరువాత తెలుగులో మార్చుకోవచ్చు, దానికి ఫోల్డర్‌తో సంబంధం లేదు.

విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే డిస్కు గుప్తీకరణ తనంతట తానే మొదలవుతుంది. ఇంట్లో కదలకుండా ఉండే డెస్క్‌టాప్‌కు ఇది ఎంతవరకు అవసరమన్నది వాదించవలసిన విషయమే. దొంగతనం భయం లేనివారు సెట్టింగ్స్‌లో ఆపేయవచ్చు, ఆఫీసు పత్రాలు ఉన్నవారు ఉంచుకోవడం మంచిది. ఉంచుకుంటే మాత్రం ఖాతాలో భద్రమయ్యే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద ప్రింట్ తీసి, ఇంటి పత్రాలున్న బీరువా లాకర్‌లో పెట్టండి. బయోస్ మార్చినప్పుడో బోర్డు మార్చినప్పుడో విండోస్ ఆ కీ అడుగుతుంది. ఖాతా పాస్‌వర్డ్ కూడా మరిచిపోయి ఉంటే, లోపలి డేటా ఉన్నా లేనట్టే.

సీ డ్రైవ్‌కు 100 జీబీ ఇచ్చి మిగతాది డీ, ఈ అని ముక్కలు చేయడం మన దుకాణాల్లో ఆచారం. 500 జీబీ ఎస్ఎస్‌డీ మీద ఇది నష్టమే చేస్తుంది. ఏడాది తిరగకుండా సీ నిండిపోయి ఎర్రగీత చూపిస్తుంది, డీలో ఉన్న ఖాళీ అక్కరకు రాదు. ఒకటే విభజనగా ఉంచి, ఫోటోలకూ పాత ఫైళ్లకూ విడిగా ఒక హార్డ్‌డిస్క్ పెట్టుకోవడం మేలు. జెన్4 ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ సెకనుకు 7,000 ఎంబీ వరకు చదువుతుంటే సాధారణ హార్డ్‌డిస్క్ 200 చుట్టుపక్కలే ఉంటుంది గాని, పెళ్లి ఆల్బమ్‌కు అంత వేగం ఎందుకు? ఓఎస్ వేసేటప్పుడు మాత్రం ఆ హార్డ్‌డిస్క్ కేబుల్ తీసేయండి. లేకపోతే బూట్ విభజన ఒక్కోసారి దాని మీదకు వెళ్లి కూర్చుంటుంది, ఎప్పుడో ఆ డిస్కు తీసిన రోజున విండోస్ లేవదు.

తరువాత చూసుకోదగినవి

డ్రైవర్లను విండోస్ అప్‌డేట్ చాలావరకు తనే తెచ్చుకుంటుంది. చిప్‌సెట్, గ్రాఫిక్స్ డ్రైవర్లను మాత్రం తయారీదారు సైటు నుంచి తీసుకోండి, అన్ని డ్రైవర్లనూ ఒకేసారి వేస్తామనే యాప్‌ల జోలికి పోవద్దు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వైఫై కనిపించకపోతే, ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే పని గడిచిపోతుంది. యాంటీవైరస్‌గా విండోస్‌లో వచ్చేదే చాలు. 144 హెర్ట్జ్ మానిటర్ కొన్నవారు డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూడాలి. చాలామంది నెలల తరబడి 60 దగ్గరే ఆడుతూ, కార్డు బాగాలేదని తిడుతుంటారు.

తెలుగు టైపింగ్‌కు విండోస్‌లో ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు అక్షరాలను నేరుగా కీలకు కేటాయించినది), ఫొనెటిక్ రెండు కీబోర్డులూ ఉన్నాయి. వాట్సాప్‌లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే అలవాటు ఉన్నవారికి ఫొనెటిక్ మొదటి రోజే వచ్చేస్తుంది. రోజూ పేజీల కొద్దీ రాయవలసినవారు ఓపిక పట్టి కొన్ని వారాలు ఇన్‌స్క్రిప్ట్ సాధన చేస్తే, తక్కువ కీలతో పని జరుగుతుంది. ఒకటి నేర్చుకున్నాక రెండోదానికి మారడం చేతివేళ్లకు పెద్ద శిక్ష కాబట్టి, ముందే ఆలోచించుకోండి.

ఇక వేడి. డిసెంబరులో బిగించిన సిస్టమ్ చల్లగా నడిచిందని మేలో కూడా అలాగే ఉంటుందని అనుకోరాదు. గది ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే లోపలి భాగాలూ దాదాపు అంతే పెరుగుతాయి. రైజెన్ 7000 శ్రేణిలోని పెద్ద ప్రాసెసర్లు పూర్తి లోడ్‌లో 95 డిగ్రీల దాకా వెళ్లేలాగే తయారయ్యాయి గాని, ఆ వేడి గదిలోకే వస్తుంది. కొత్త కూలర్ కొనే ముందు బయోస్‌లోని ఎకో మోడ్ పెట్టి చూడండి. కాస్త వేగం తగ్గుతుంది, వేడీ ఫ్యాన్ల రొదా చాలా తగ్గుతాయి, ఖర్చు సున్నా.

లోపం ఉన్న భాగాన్ని దుకాణంవారే చేతిమీదుగా మార్చి ఇచ్చే గడువు తరచుగా కొన్ని రోజులే ఉంటుంది, అది దాటితే సర్వీస్ సెంటర్ చుట్టూ తిరగవలసిందే. అందుకే పైన చెప్పిన ర్యామ్ పరీక్షతో పాటు, ప్రాసెసర్‌నూ గ్రాఫిక్స్ కార్డునూ గంట గంట చొప్పున పూర్తి లోడ్ మీద నడపడం ఆ గడువులోపే జరగాలి. మా మేనల్లుడి సిస్టమ్ మూడో రోజు మెమ్‌టెస్ట్‌లో ఎర్రగీతలు చూపించింది. ఒక స్టిక్ తీసి, రెండోదాన్ని ఒంటరిగా నడిపి ఏది పాడైందో తేల్చుకొని, బిల్లూ డబ్బాతో సహా సీటీసీకి పట్టుకెళితే, సాయంత్రానికి కొత్త జత చేతికి వచ్చింది. డబ్బాలన్నీ ఇప్పటికీ వాళ్ల సజ్జ మీదే ఉన్నాయి. పాత పేపర్లతో పాటు వేసేస్తానని మా అక్కయ్య అన్నప్పుడల్లా, వారంటీ ఇంకా రెండేళ్లుందని వాడు అడ్డుపడుతుంటాడు.